కడప బండల హాల్లో 5.1: వెనక స్పీకర్లున్న సౌండ్‌బార్ కొనేముందు

ఎండాకాలం వచ్చిందంటే మా హాల్లో టీవీ వాల్యూమ్ 40 దాటాల్సిందే. ఒక పక్క కూలర్, పైన ఐదు మీద తిరిగే ఫ్యాన్. మంచం మీద కూర్చున్న మా జేజి (అవ్వ) రెండు మాటలకొకసారి "ఏమంటాండాడు రా వాడు?" అని అడుగుతుంది. వాల్యూమ్ పెంచితే మాట తేటపడదు, ఫైట్లు మాత్రం చెవులు చిల్లులు పడేలా మోగుతాయి. టీవీలు పలచబడే కొద్దీ వాటి స్పీకర్లు చిన్నవైపోయాయి, చాలా టీవీల్లో అవి కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. మాట గోడకు తగిలి చెదిరి మన దగ్గరికి వస్తుంది. సౌండ్‌బార్, అంటే టీవీ కింద పెట్టే పొడవాటి స్పీకరు, కొనాలన్న ఆలోచన మా ఇంట్లో జేజి అడిగే ఆ ప్రశ్నతోనే మొదలైంది.

మొదటిసారి కొన్నది దెబ్బతీసింది. డబ్బా మీద 5.1 (ఐదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌వూఫర్) అని ఉంది, వైర్‌లెస్ సరౌండ్ అని ఉంది, ధర 9 వేలు. టీవీకి బ్లూటూత్‌తో కలిపాను. నాలుగు మూలల నుంచీ శబ్దం వచ్చేసరికి ఇంట్లో అందరికీ సంతోషమే. రెండు వారాల తర్వాత ఒక రాత్రి, అందరూ పడుకున్నాక, వెనక స్పీకరుకు చెవి ఆనించి విన్నాను. ముందు బార్‌లో వచ్చే డైలాగే వెనకా వస్తోంది. కుడివైపు పోయి విన్నా అదే, ఎడమవైపు విన్నా అదే. ఛానళ్లను, అంటే ఒక్కో స్పీకరుకు పోవాల్సిన విడి శబ్దాలను, విడదీసే డాల్బీ డీకోడరే ఆ సెట్టులో లేదు. వచ్చిన రెండు ఛానళ్ల శబ్దాన్నే ఐదు స్పీకర్లకూ పంచిపెడుతోంది. అప్పటికి వాపసు గడువు దాటిపోయింది.

ఆ తర్వాత మా ఇంట్లో, మైదుకూరులో మా అక్కవాళ్ల కొత్త ఇంట్లో, అనంతపురంలో ఒక స్నేహితుడి అద్దె ఫ్లాట్‌లో సౌండ్‌బార్ ఎంచుకోవడంలో నేనే ముందుండి చూసుకున్నాను. మూడు చోట్లా మూడు రకాలు తీసుకోవాల్సి వచ్చింది. 10 వేల నుంచి 30 వేల లోపు పెట్టగలిగిన వాళ్లకు ఆ అనుభవంతో చెప్పగలిగింది ఇక్కడ రాస్తున్నాను.

ఏ కంపెనీ అన్నది తర్వాత. మీ టీవీ నుంచి 5.1 బయటికి వస్తుందో లేదో ముందు చూసుకోండి. టీవీ వెనక హెచ్‌డీఎంఐ పోర్టుల్లో ఒకదాని పక్కన ఏఆర్‌సీ అనో, దాని కొత్త రకమైన ఈఏఆర్‌సీ అనో రాసి ఉంటుంది. టీవీ శబ్దం సౌండ్‌బార్‌కు పోయే దారి అదే. ఏఆర్‌సీ 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది కాబట్టి గత పదేళ్లలో కొన్న స్మార్ట్ టీవీల్లో దాదాపు అన్నిటికీ ఉంటుంది. ఓటీటీ యాప్‌లు పంపే డాల్బీ 5.1 ఆ ఒక్క కేబుల్‌లో సౌండ్‌బార్‌కు చేరుతుంది, పైగా టీవీ రిమోట్‌తోనే వాల్యూమ్ తగ్గించుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లుంటే రెండో రిమోట్ లేకపోవడం చాలా పెద్ద సౌకర్యం. ఏఆర్‌సీ లేని పాత టీవీ అయితే ఆప్టికల్ పోర్టు చూడండి, అందులోనూ డాల్బీ డిజిటల్ 5.1 వస్తుంది. బ్లూటూత్‌లో వచ్చేది రెండు ఛానళ్లే. ఎంత ఖరీదైన సెట్టు కొన్నా టీవీకి బ్లూటూత్‌తో కలిపితే వెనక స్పీకర్లకు విడిగా రావాల్సిన శబ్దం రాదు.

కేబుల్ సరిగ్గా పెట్టినా ఇంకో మెలిక ఉంది. టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ ఆడియో ఫార్మాట్ అన్నచోట పీసీఎం అని ఉంటే మామూలు ఏఆర్‌సీలో రెండు ఛానళ్లే పోతాయి. దాన్ని ఆటో, పాస్‌త్రూ, బిట్‌స్ట్రీమ్ వీటిలో ఏది కనబడితే దానికి మార్చాలి. మా స్నేహితుల్లో ఇద్దరు ఏడాది పాటు 5.1 సెట్టును పీసీఎం మీదే విన్నారు. మార్చిన రోజు రాత్రి ఒకడు ఫోన్ చేసి, "వెనక నుంచి వాన పడుతున్నట్టుంది రా" అన్నాడు.

ఇంట్లో చూసేది ఏమిటన్నదీ లెక్కలోకి వస్తుంది. నెట్‌ఫ్లిక్స్‌లో సినిమా పేరు కింద 5.1 అన్న గుర్తు కనబడుతుంది. యూట్యూబ్‌లో వచ్చేది చాలావరకు రెండు ఛానళ్లే. కేబుల్‌లో సీరియళ్లు, వార్తలు, పాత సినిమాలదీ అదే పరిస్థితి. రోజంతా సీరియళ్లే నడిచే ఇల్లయితే వెనక స్పీకర్లకు డబ్బు పెట్టకండి. మధ్యలో మాటల కోసం విడిగా సెంటర్ స్పీకరున్న 3.1 బార్ తీసుకుంటే ఎక్కువ మేలు. వారానికి రెండు మూడు కొత్త సినిమాలు ఓటీటీలో చూసేవాళ్లు, క్రికెట్‌తో పాటు ఆ స్టేడియం హోరు కూడా కావాలనుకునేవాళ్లు మాత్రం 5.1 దగ్గర వెనక్కి తగ్గొద్దు.

ఇక వైర్‌లెస్ అన్న మాట సంగతి. కడప వై.వి. స్ట్రీట్‌లో ఒక షాపులో అడిగితే, "వెనక స్పీకర్లకు వైరే లేదన్నా, ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకో" అన్నాడు అబ్బాయి. డబ్బా విప్పించి చూస్తే వెనక స్పీకర్ల కోసం చిన్న రిసీవర్ పెట్టె ఒకటి ఉంది. ఆ పెట్టెకు కరెంటు ప్లగ్గు కావాలి, ఆ పెట్టె నుంచి రెండు స్పీకర్లకూ వైర్లు పోతాయి. లేనిదల్లా ముందు బార్ నుంచి వెనక్కి రావాల్సిన పొడవాటి వైరు మాత్రమే. మన బడ్జెట్‌లో దొరికే వైర్‌లెస్ సరౌండ్ సెట్లలో ఎక్కువ భాగం ఇంతే. మరికొన్నిటిలో రెండు స్పీకర్లకూ విడివిడిగా ప్లగ్గులుంటాయి. కరెంటు లేకుండా, ఛార్జింగ్ మీద నడిచే వెనక స్పీకర్లు కూడా ఉన్నాయి. జేబీఎల్ బార్ 1000 లాంటి వాటిలో రెండు చివర్లనూ ఊడదీసి సోఫా వెనక పెట్టుకోవచ్చు, పది గంటల దాకా బ్యాటరీ వస్తుందని కంపెనీ చెబుతుంది. మంచి ఏర్పాటే, కానీ ధర మనం అనుకున్న లెక్కకు చాలా దూరం.

కాబట్టి షాపుకు పోకముందే సోఫా వెనక ప్లగ్గు ఎక్కడుందో చూసి రండి. పాత ఇళ్లలో హాలుకు రెండే బోర్డులుంటాయి, ఆ రెండూ టీవీ వైపే ఉంటాయి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వైరు హాలంతా పరిచి వెనక స్పీకర్లకు కరెంటు ఇచ్చేట్టయితే వైర్‌లెస్ కోసం ఎక్కువ డబ్బు పెట్టి లాభం లేదు.

మా అక్కవాళ్లకు వైర్లున్న సెట్టే కొనిపించాను. వాళ్ల ఇల్లు అప్పటికి బండలు పరిచే దశలో ఉంది. బండలు పడకముందే టీవీ గోడ నుంచి సోఫా వెనక గోడ దాకా ఒక ప్లాస్టిక్ పైపు వేయించాం, మేస్త్రీకి అరపూట పని. ఇప్పుడు వైరు ఎక్కడా కనబడదు. అక్కడ పెట్టింది సోనీ హెచ్‌టీ-ఎస్20ఆర్. 400 వాట్లు, 5.1, వెనక స్పీకర్లకు వైరే. 15 నుంచి 20 వేల మధ్య దొరుకుతుంది. ఇల్లు కడుతున్నవాళ్లు, తిరిగి ఫ్లోరింగ్ చేయిస్తున్నవాళ్లు ఎవరైనా సరే ఈ దారే పట్టండి. వైరులో పోయే శబ్దం మధ్యలో తెగదు, రౌటర్‌తో గొడవ లేదు, పదేళ్ల తర్వాత కూడా ఆ పైపు పనికొస్తుంది.

మా ఇంట్లో అది కుదరలేదు. టీవీకీ సోఫాకీ మధ్య ఒక పక్క వంటింటి వాకిలి, ఇంకో పక్క వీధి వాకిలి. ఎటు తిప్పినా వైరు గడప దాటాలి. కింద పరిచింది ఎర్రగుంట్ల వైపు నుంచి వచ్చిన నల్ల నాపబండలు, వాటిని పగలగొట్టి పైపు వేయించడానికి నాయన ఒప్పుకోలేదు. అందుకని సోనీ హెచ్‌టీ-ఎస్40ఆర్ తీసుకున్నాం. 600 వాట్ల 5.1 ఇది. పైన చెప్పిన రిసీవర్ పెట్టె రకమే. ఆఫర్లను బట్టి 20 వేలు దాటి 30 వేల లోపు ఉంటుంది. పెట్టె దివాన్ కింద కూర్చుంది, రెండు వైర్లు గోడ అంచున క్లిప్పులతో పోయాయి. సబ్‌వూఫర్‌కు మాత్రం బార్ నుంచి వైరు ఉంటుంది కాబట్టి అది టీవీ దగ్గరే ఉండాలి. ఈ సంగతి తెలియక సబ్‌వూఫర్‌ను మూలకు పెడదామని ముందే చోటు చూసుకున్నవాళ్లు ఇబ్బంది పడతారు. ఈ రెండు సోనీ సెట్లలోనూ అట్మాస్ (పై నుంచి కూడా శబ్దం దించే డాల్బీ పద్ధతి) లేదు, డాల్బీ డిజిటల్ వరకే. మా హాలుకు అది చాలని వినే నిర్ణయించుకున్నాను.

10 నుంచి 18 వేల మధ్య జీబ్రానిక్స్, గోవో లాంటి బ్రాండ్లు 5.1 సెట్లు అమ్ముతున్నాయి. వైర్‌లెస్ శాటిలైట్ (చిన్న విడి) స్పీకర్లతో వచ్చేవీ వాటిలో ఉన్నాయి. వీటిని తీసిపారేయను. ఈ ధరలో సబ్‌వూఫర్ దమ్ము బాగానే ఉంటుంది. ఒక్కటే షరతు, డబ్బా మీద డాల్బీ గుర్తు ఉండాలి. 5.1 అన్న అంకె స్పీకర్లు ఎన్నో చెబుతుంది, లోపల ఐదు దారులూ విడదీసే పని జరుగుతోందని చెప్పదు. నా 9 వేలు పోయింది ఆ తేడా తెలియకే. వాట్ల అంకె కూడా అంతే. పీఎంపీవో (క్షణకాలపు గరిష్ఠ అంకె) అని రాసి ఉంటే ఆ అంకెను వదిలేయండి, ఆర్ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగలిగిన శక్తి) అని రాసినదాన్నే చూడండి. 12 అడుగులకు 14 అడుగుల హాలుకు నిజమైన 200 వాట్లు కూడా ఎక్కువే. మా 600 వాట్ల సెట్టును సగం దాటించిన రోజు లేదు.

అనంతపురం స్నేహితుడిది గుత్తి రోడ్డు వైపు అద్దె ఫ్లాట్. పదడుగుల హాలు, సోఫా వెనక గోడకు ఆనుకుని ఉంటుంది, గోడకు మేకు కొట్టనివ్వరు. వాడు 5.1 కొంటానంటే నేనే వద్దన్నాను. తల వెనక జానెడు జాగా కూడా లేనప్పుడు వెనక స్పీకరు చెవి పక్కనే గీపెడుతుంది, ముందు మాట వినబడదు. వాడికి తర్వాత వెనక స్పీకర్లు చేర్చుకునే వీలున్న బార్ చూడమన్నాను. శాంసంగ్‌కు ఎస్‌డబ్ల్యూఏ-9200ఎస్, ఎల్‌జీకి ఎస్‌పీకే8-ఎస్ అని విడిగా వైర్‌లెస్ రేర్ (వెనక స్పీకర్ల) కిట్లు ఉన్నాయి. ఇప్పుడు బార్ కొని, సొంతింటికి మారాక కిట్ కొనుక్కోవచ్చు. అయితే కిట్ అదే కంపెనీ బార్‌కైనా అన్ని మోడళ్లకూ కలవదు. మీ బార్ మోడల్ నంబర్ ఆ కిట్ జాబితాలో ఉందని కళ్లతో చూశాకే డబ్బు కట్టండి. రెండూ కలిపి లెక్కేస్తే ఒకేసారి కొన్నదానికన్నా ఎక్కువవుతుంది, అదీ మనసులో పెట్టుకోండి.

స్పీకర్లు ఎక్కడ పెట్టాలన్నది ధరకన్నా ఎక్కువ తేడా చూపిస్తుంది. మీరు కూర్చున్న చోటును గడియారం మధ్య అనుకోండి, టీవీ 12 దగ్గరుంది. వెనక స్పీకర్లు 4 దగ్గర, 8 దగ్గర ఉండాలి. డాల్బీవాళ్లు 5.1కు చెప్పే 110 నుంచి 120 డిగ్రీల కోణం దాదాపు ఇదే. అంటే పూర్తిగా వీపు వెనక కాదు, పక్కల నుంచి కాస్త వెనక్కి. ఎత్తు కూర్చున్నప్పుడు చెవికన్నా కొంచెం పైకి. నేల మీద పెట్టారంటే సోఫా చేతులే శబ్దాన్ని మింగేస్తాయి. మా ఇంట్లో ఒకటి గోడకు బిగించాం, రెండోదానికి గోడ లేక స్టూలు మీద పెట్టాం. స్టూలు మీదున్నది జేజి మంచానికి దగ్గర కాబట్టి, ఎక్కువ మోగకుండా వెనక స్పీకర్ల లెవెల్‌ను రిమోట్‌లో రెండు మెట్లు తగ్గించాను. ఆ రిమోట్‌లో రేర్ లెవెల్, సబ్‌వూఫర్ లెవెల్ విడివిడిగా మార్చుకునే వీలుందో లేదో కొనేటప్పుడే చూడండి. లేని సెట్టు నేనైతే తీసుకోను.

ఇక మన బండల సంగతి. కడప బండ పరిచిన హాల్లో చప్పట్లు కొట్టి చూడండి, ట్యాంగ్ మని మోత తిరిగి వస్తుంది. కింద రాయి, చుట్టూ సున్నం గోడలు, శబ్దాన్ని పీల్చుకునేది ఏదీ ఉండదు. అలాంటి హాల్లో పెద్ద సబ్‌వూఫర్ పెడితే బేస్ గుమ్మని నిలబడిపోయి మాటను కప్పేస్తుంది. సెట్టు పెట్టిన మొదటి రోజు మాకూ అదే జరిగింది. జేజి మళ్లీ "ఏమంటాండాడు?" అనే అంది. సబ్‌వూఫర్‌ను మూల నుంచి రెండడుగులు ముందుకు లాగాం, మూలలో పెడితే బేస్ ఇంకా పెరుగుతుంది కాబట్టి. టీవీకీ సోఫాకీ మధ్య జేజి కుట్టిన పాత చీరల బొంత పరిచాం. కిటికీకి మందపాటి కర్టెన్ వేశాం. మళ్లీ చప్పట్లు కొడితే మోత సగం తగ్గింది. ఆ రాత్రి వాల్యూమ్ పెంచకుండానే, కూలర్ తిరుగుతుండగానే, జేజి సినిమా మొత్తం ప్రశ్న అడగకుండా చూసింది. 25 వేల సెట్టు పూర్తిగా పనిచేయడం మొదలైంది బొంత పరిచాకే.

అట్మాస్ గురించి చాలామంది అడుగుతారు. 2012లో థియేటర్లకు వచ్చిన ఈ పద్ధతిలో శబ్దం పై నుంచి కూడా దిగుతుంది. ఇళ్ల కోసం చేసిన బార్లలో పైకి తిరిగిన స్పీకర్లు సీలింగ్‌కు శబ్దాన్ని కొట్టి మన మీదికి దించుతాయి. అందుకు సీలింగ్ చదునుగా ఉండాలి, ఏడున్నర నుంచి 12 అడుగుల ఎత్తులో ఉంటే మేలు. దూలాలు, వాటి మీద బండలు పేర్చిన పాత మిద్దె ఇళ్లలో ఆ శబ్దం దూలాలకు తగిలి చెదిరిపోతుంది. చదునైన శ్లాబు ఉన్నా, పైకి తిరిగిన స్పీకరే లేకుండా అట్మాస్ అని రాసిన చౌక బార్లలో పై నుంచి వచ్చే శబ్దం అంతా ప్రాసెసింగ్‌తో పుట్టించిందే. 20 వేలలో అట్మాస్ అని రాసిన ఒంటరి బార్, అదే 20 వేలలో అట్మాస్ లేని, నిజంగా వెనక స్పీకర్లున్న 5.1 ఈ రెండూ పక్కపక్కనుంటే నా చెయ్యి రెండోదానికే పోతుంది.

కరెంటు విషయం మన ఊళ్లలో మరిచిపోకూడదు. బార్, సబ్‌వూఫర్, వెనక పెట్టె మూడూ ఇన్వర్టర్ లైను మీదే ఉన్నాయా చూసుకోండి. బార్ ఇన్వర్టర్ మీద, వెనక పెట్టె మామూలు లైను మీద ఉంటే కరెంటు పోయిన ప్రతిసారీ వెనక స్పీకర్లు మూగబోతాయి, మళ్లీ కలిసేదాకా ఆగాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో కరెంటు పోయినప్పుడు స్పీకర్లలో గుయ్యిమనే హోరు వినబడొచ్చు, సైన్ వేవ్ అయితే ఆ బాధ తక్కువ. డబ్బా మీద 600 వాట్లని చూసి ఇన్వర్టర్ మోయదని టెన్షన్ పడొద్దు. అది సౌండ్ అంకె. సెట్టు నిజంగా తీసుకునే కరెంటు వెనక స్టిక్కరు మీద విడిగా రాసి ఉంటుంది, చాలా తక్కువ ఉంటుంది.

వైర్‌లెస్ స్పీకర్లు మధ్యమధ్యలో టిక్కుటిక్కుమని తెగుతుంటే ముందు వైఫై రౌటర్ వైపు చూడండి. చాలా ఇళ్లలో రౌటర్ టీవీ పక్కనే, బార్‌కు ఆనుకుని ఉంటుంది. రెండూ 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తుంటే ఒకదానికొకటి అడ్డం పడతాయి. మా ఇంట్లో రౌటర్‌ను నాలుగడుగులు పక్కకు జరిపాక ఆ తెగడం ఆగిపోయింది.

షాపులో వాళ్లు వేసే డెమో పాటతో ఏమీ తేలదు, అది ఎలాంటి స్పీకరులోనైనా బాగుండేలా ఎంచిన పాట. మీ ఫోన్‌లో ఓటీటీ లాగిన్ పెట్టుకుని పోండి, షాపు టీవీలో అది తెరిపించండి, బార్‌ను హెచ్‌డీఎంఐతో కలిపించండి. 5.1 గుర్తున్న సినిమాలో ఇద్దరు మాట్లాడుకునే సీన్ ఒకటి, వాన పడే సీన్ ఒకటి పెట్టి, వెనక స్పీకరు దగ్గరికి పోయి చెవి పెట్టండి. ముందు నడిచే డైలాగే వెనకా స్పష్టంగా వినబడితే ఆ సెట్టు వదిలేయండి. వాన మాత్రమే వెనకుంటే అది నిజంగా విడదీస్తోందని అర్థం. అక్కడే సర్వీస్ సెంటర్ మీ ఊళ్లో ఉందా, ఇంటికి వస్తారా, మనమే మోసుకుపోవాలా అడగండి. వెనక పెట్టె ఒక్కటే పాడైతే అది విడిగా దొరుకుతుందా అన్నది కూడా అడగండి. ఆన్‌లైన్‌లో కొంటే డబ్బా విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, వాపసు గడువు లోపలే, వచ్చిన మొదటి రెండు రోజుల్లోనే, ఈ చెవి పరీక్ష చేసేయండి.